ఎండాకాలం మొదట్లో హైదరాబాదు చుట్టుపక్కల పిట్టలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి మొదలైందంటే ఒకే రకం ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, అందుకే అన్నిటికీ ఒకచోట జవాబులు రాసి పెడుతున్నాను. ఇక్కడ చెప్పేవన్నీ హైదరాబాదు, సంగారెడ్డి, వికారాబాదు, మెదక్ వైపు సంగతులు. మార్చి నుంచి జూన్ తొలి వానల దాకా ఏం కనిపిస్తుంది, ఎక్కడ కనిపిస్తుంది, మనం ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నదే విషయం.

ఎండాకాలంలో పిట్టలు ఏముంటాయి? వలస పక్షులన్నీ వెళ్ళిపోతాయి కదా?

చాలామంది బైనాక్యులర్స్ ఫిబ్రవరి ఆఖరుకి బీరువాలో పెట్టేస్తారు, నాకు అది చూస్తే బాధగా ఉంటుంది. వెళ్ళిపోయేవి వెళ్ళిపోతాయి, నిజమే. కానీ ఏడాదంతా మన మధ్యనే ఉండే పిట్టలు జత కట్టేది, గూడు పెట్టేది, పిల్లల్ని సాకేది ఎక్కువగా ఈ మూడు నాలుగు నెలల్లోనే. చలికాలంలో ఏ కొమ్మ చాటునో మౌనంగా కూర్చున్న పిట్ట ఇప్పుడు చిటారు కొమ్మకెక్కి పొద్దంతా కూస్తుంది. చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి చూడడమూ సులువే. మగ తేనెపిట్టల్ని చూడండి: చలికాలంలో చాలావరకు బూడిద, పసుపు కలిసిన రంగులో, గొంతు కింద ఒక్క నల్ల చారతో ఉన్నవి, ఇప్పుడు ఎండ తగిలితే ఊదా, నీలం మెరిసిపోతూ కనిపిస్తాయి. పిట్టల్ని కేవలం లెక్కపెట్టకుండా వాటి బతుకు చూడాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి కాలం లేదని నా గట్టి నమ్మకం.

చలికాలం వచ్చినవి ఎప్పుడు వెళ్తాయి? ఇంకా ఏమైనా దొరుకుతాయా?

ఒకేసారి వెళ్ళవు. తల మీద రెండు నల్ల చారలుండే బార్ హెడెడ్ గూస్‌లు ముందే బయల్దేరతాయి, మార్చి దాటాక సింగూరులోనో మంజీరలోనో అవి కనిపిస్తే అదృష్టమే. తోక ఊపుకుంటూ గట్ల మీద తిరిగే వాగ్‌టెయిళ్ళు, చిన్న చిన్న వార్బ్లర్లు ఏప్రిల్ దాకా కొన్ని మిగులుతాయి.

వీటిలో తప్పకుండా చూడాల్సింది రోజీ స్టార్లింగ్, పల్లెల్లో పలిస పిట్ట అంటారు. గోరింకల జాతే, ఒళ్ళు గులాబీ రంగు, తల, రెక్కలు నలుపు. మోదుగ పూసినప్పుడు, బూరుగ పూసినప్పుడు ఆ చెట్ల మీద వందల్లో వాలి తేనె కోసం కొట్టుకుంటాయి, జొన్న చేలమీదా పడతాయి. సాయంత్రం ఐదున్నర తర్వాత చెరువుగట్టు మీద నిలబడితే గుంపులు గుంపులుగా ఒకేసారి మలుపు తిరుగుతూ పోవడం కనిపిస్తుంది. మధ్య ఆసియాలో గూళ్ళు పెట్టుకోవడానికి ఏప్రిల్ సగానికల్లా వెళ్ళిపోతాయి, కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు.

మరి ఎండాకాలంలో కొత్తగా వచ్చేవి ఏవి?

రెండింటి గురించే అందరూ అడుగుతారు.

మొదటిది పొన్నంగి పిట్ట, ఇంగ్లీషులో ఇండియన్ పిట్ట. చలికాలం దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపి, గూడు పెట్టడానికి మధ్య భారతం, హిమాలయాల పాదాల వైపు వెళ్తుంది. ఎండాకాలంలో మన వైపు అడవుల్లో వినబడుతుంది. ఆకుపచ్చ వీపు, లేత గోధుమ రంగు ఛాతీ, పొట్ట కింద ఎరుపు, కంటి మీదుగా నల్ల పట్టీ, చిన్న తోక. ఎండుటాకుల మీద గెంతుతూ, ఆకులు తిరగేసి పురుగులు ఏరుకుంటుంది. రెండు ముక్కల ఈల వేస్తుంది, పొద్దున్నే, మళ్ళీ చీకటి పడే ముందు. రాత్రిళ్ళు ప్రయాణం చేసే పిట్ట కావడంతో అలిసిపోయి ఇళ్ళ వరండాల్లో, ఆఫీసు మెట్ల దగ్గర దిగిపోవడం మామూలే. అలా దొరికితే కంగారుపడకండి, గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచి, సాయంత్రం చెట్లున్న చోట వదిలెయ్యండి. దెబ్బ కనిపిస్తే మాత్రం అటవీ శాఖ వాళ్ళకి గానీ పక్షుల్ని కాపాడే సంస్థకి గానీ ఫోన్ చెయ్యాలి.

రెండోది చాతకం. నలుపు తెలుపు ఒళ్ళు, తల మీద కుచ్చు, పొడుగు తోక. వీటిలో చాలా భాగం ఆఫ్రికా నుంచి నైరుతి గాలులతో పాటు సముద్రం దాటి వస్తాయి. మన దగ్గర మే ఆఖరు, జూన్ మొదటి వారాల్లో కనిపిస్తే వానలు దగ్గరపడ్డాయని లెక్క. గూడు కట్టదు, గుంపులుగా తిరిగే బాబ్లర్ల గూట్లో గుడ్లు పెడుతుంది, ఆ గుడ్ల రంగు కూడా బాబ్లర్ గుడ్లలాగే నీలంగా ఉంటుంది.

పొద్దున్నుంచీ టుక్ టుక్ టుక్ అని ఎక్కడో సుత్తితో కొడుతున్నట్టు వినిపిస్తోంది. అదేంటి?

కంసాలి పిట్ట. పిచ్చుక కంటే కాస్త పెద్దది, ఆకుపచ్చగా, బొద్దుగా ఉంటుంది, నుదుటి మీద, ఛాతీ మీద కుంకుమ రంగు, గొంతు పసుపు. నిమిషానికి వంద పైనే కూతలు, ఆగకుండా. కూసేటప్పుడు తల ఇటూ అటూ తిప్పుతుంది, అందుకే చప్పుడు ఎటు నుంచి వస్తోందో తేలదు. ఆకులు లేని ఎండు కొమ్మల చివర్లు వెతకండి, దొరుకుతుంది. మెత్తబడ్డ మునగ కొమ్మో, సుబాబుల్ కొమ్మో చూసుకుని అడుగు వైపున గుండ్రంగా తొలిచి గూడు చేసుకుంటుంది. తొలిచేటప్పుడు కింద పొట్టు రాలుతుంది, గూడు పట్టుకోవడానికి అదే ఆనవాలు. మీ ఆవరణలో ఎండు కొమ్మ కొట్టించే ముందు ఒక్కసారి దాని అడుగు వైపు చూడమని నా మనవి. కరెంటు తీగలకి దగ్గరగా ఉంటే తప్పదు కానీ, చూడడానికి బాగాలేదని కొట్టించే కొమ్మలే ఎక్కువ.

రాత్రి రెండింటికి కూడా కోకిల కూస్తోంది, నిద్ర పట్టడం లేదు. ఇది మామూలేనా?

మామూలే. జత కట్టే కాలం, పైగా వీధి దీపాల వెలుగు. అయితే ఒకసారి జాగ్రత్తగా వినండి, రాత్రిపూట కూసేది హాక్ కుకూ అయినా కావచ్చు. కోకిల 'కుహూ' అని గొంతు పెంచుతూ పోయి ఆగుతుంది. హాక్ కుకూది మూడు ముక్కల కూత, ఒక్కో సారికీ ఇంకా పై శ్రుతికి ఎక్కి, ఇక గొంతు పగిలిపోతుందేమో అన్నప్పుడు చటుక్కున ఆగి, మళ్ళీ కింది నుంచి మొదలు. మార్చి నుంచి ఇది అనంతగిరి కొండల్లో పొద్దంతా వినబడుతుంది.

కోకిల విషయంలో ఇంకో సంగతి. నల్లగా, ఎర్ర కళ్ళతో ఉండేది మగది. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు, చారలతో ఉంటుంది, దాన్ని చూసి ఏదో కొత్త పిట్ట అని ఫోటోలు పంపేవాళ్ళు చాలామంది. ఆడది కుహూ అనదు, 'కిక్ కిక్ కిక్' అని గబగబా అరుస్తుంది. మగది కూసి కాకుల్ని తన వెంట పరిగెత్తిస్తుంటే ఆడది ఆ సందులో కాకి గూట్లో గుడ్డు పెట్టేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కాకి గూడు కనిపిస్తే దూరం నుంచి అరగంట కూర్చుని చూడండి, ఈ తతంగమంతా మీ వీధిలోనే జరుగుతుంది.

ఎక్కడికి వెళ్ళమంటారు?

ముందు మీ ఇంటికి దగ్గరున్న చెరువుకి. నిజంగా చెప్తున్నాను, ప్రతి వారం ఒకే చోటికి వెళ్ళేవాళ్ళకి తెలిసినంత, నెలకో కొత్త చోటు తిరిగేవాళ్ళకి తెలియదు.

ఆ తర్వాత అమీన్‌పూర్ పెద్ద చెరువు, 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు పెరిగిపోయినా నీళ్ళు తగ్గే కొద్దీ తెడ్డుమూతి కొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు, కొన్నేళ్ళు ఫ్లెమింగోలు కూడా దిగుతాయి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నీళ్ళు వెనక్కి తగ్గిన మేర బురద, గడ్డి నేలలు బయటపడతాయి, అక్కడ ఓపిగ్గా చూడాలి. ఊరి మధ్యలో అయితే కేబీఆర్ పార్కు: నెమళ్ళు పురివిప్పేది ఇప్పుడే, తోక పిగిలి పిట్ట కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది, మగది తెల్లగా పొడుగు రిబ్బన్ లాంటి తోకతో వెళ్తుంటే గుర్తుపట్టకుండా ఉండలేరు. చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ ఉద్యానవనం కూడా మంచిదే.

అడవి కావాలంటే వికారాబాదు అనంతగిరి. మూసీ పుట్టేది అక్కడే. ఏప్రిల్‌లో ఆకు రాలిన చెట్ల మధ్య వంగపండు పిట్టలు పసుపుపచ్చగా మెరుస్తాయి, నీడగా ఉన్న వాగుల దగ్గర టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్ పాడుతుంటుంది. గుడికి వచ్చే జనం, వీకెండ్ కార్లు మొదలవకముందే, ఏడు లోపే చూసేసుకోవాలి.

మంజీర అభయారణ్యం సంగారెడ్డి దగ్గర. నది మధ్య ఇసుక తిన్నెల మీద, రాళ్ళ మీద రివర్ టెర్న్‌లు గుడ్లు పెట్టే కాలం ఇది. మొసళ్ళున్న నీళ్ళు కాబట్టి ఒడ్డుకి దిగొద్దు, వెళ్ళే ముందు అటవీ శాఖ వాళ్ళని అడిగి వెళ్ళండి.

మా చెరువు పూర్తిగా ఎండిపోయింది. ఇంక వెళ్ళి ఏం లాభం?

ఈ ప్రశ్నకి కాస్త పెద్ద జవాబు చెప్తాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే.

ఎండిన చెరువు ఖాళీ నేల కాదు. తీతువు పిట్ట గుడ్లు పెట్టేది సరిగ్గా అక్కడే, పగుళ్ళిచ్చిన మట్టి మీద, గులకరాళ్ళ మధ్య, గూడు అనేదే లేకుండా చిన్న గుంతలో. మామూలుగా నాలుగు గుడ్లు, మొనలన్నీ లోపలికి తిరిగి ఉంటాయి. మట్టి రంగు మీద నల్లటి మరకలు. రెండడుగుల దూరంలో నిలబడి కూడా కనిపించవు, కాలు పడ్డాకే తెలుస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండలో ఆ గుడ్ల మీద తీతువు కూర్చునేది పొదగడానికి మాత్రమే కాదు, వాటికి నీడ ఇవ్వడానికి. రెక్కలు కాస్త విప్పి, నోరు తెరిచి రొప్పుతూ అలా నిలబడే ఉంటుంది. మధ్యలో ఒకటి నీటి మడుగు దగ్గరికి పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుంది. అది లేచేలోపు రెండోది కాపలా. నాలుగు వారాల పాటు ఇదే పని. మీరు చెరువులో నడుస్తుంటే నెత్తి మీదకి దూసుకొచ్చి అరుస్తోందంటే అర్థం ఒకటే, గుడ్లో పిల్లలో దగ్గర్లోనే ఉన్నాయి. ఇంకో అడుగు వెయ్యకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి. మీరు అక్కడ నిలబడి ఫోటో తీసే పది నిమిషాలూ ఆ గుడ్లు ఎండకి ఉడుకుతూ ఉంటాయి.

లిటిల్ రింగ్డ్ ప్లవర్ కూడా ఇలాగే పెడుతుంది. కాస్త తడి మిగిలిన చోట పొడుగు ఎర్ర కాళ్ళ స్టిల్ట్‌లు బురద మీద పెడతాయి.

ఇప్పుడు అసలు బాధ. చెరువుల్లో పూడిక తీసేది కూడా ఎండాకాలంలోనే. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ఈ పని చాలా పెద్ద ఎత్తున జరిగింది, పూడిక మట్టిని రైతులు చేలకి తోలుకున్నారు, చెరువులో నీళ్ళు నిలిచాయి, అది మంచి పనే, నేను కాదనను. కానీ జేసీబీ దిగే రోజులూ తీతువు గుడ్లు పెట్టే రోజులూ ఒకటే. పని ఆపమని ఎవరూ అనక్కర్లేదు. గుడ్లున్న చోటుకి ఐదారు మీటర్ల అవతల నాలుగు వైపులా పెద్ద రాళ్ళు పెట్టి, డ్రైవరన్నకి చూపించి, ఈ ముక్క ఒక్కటీ ఆఖర్న తవ్వన్నా అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చాక చాలా త్వరగా నడిచేస్తాయి, తల్లి వెంట పక్కకి వెళ్ళిపోతాయి. రాళ్ళు మరీ దగ్గరగా పెట్టొద్దు, కుక్కలూ కాకులూ గుర్తుపడతాయి.

అందుకే ఎండిన చెరువులోకి దిగకుండా గట్టు మీద నుంచి చూడమని అందరికీ చెప్తుంటాను.

పాలపిట్ట దసరాకి తప్ప కనిపించదు. ఎండాకాలంలో ఉంటుందా?

ఏడాదంతా ఉంటుంది, మనం దసరాకి మాత్రమే వెతుకుతాం. నిజానికి దాన్ని చూడాల్సింది మార్చి, ఏప్రిల్‌లో. మగది నిట్టనిలువుగా పైకి ఎగిరి, అక్కడి నుంచి రెక్కలు మడిచి దొర్లుతూ, గట్టిగా అరుస్తూ కిందికి దూకుతుంది, రెక్కల్లోని రెండు నీలాలూ ఎండలో మెరుస్తాయి. శంకరపల్లి, చేవెళ్ళ రోడ్ల వెంట కరెంటు తీగల మీద చూడండి.

గూడు చెట్టు తొర్రలో పెడుతుంది. తల తెగిన తాటి మొద్దులంటే దానికి చాలా ఇష్టం. పనికిరాదని ఆ మొద్దులు కొట్టేస్తే పాలపిట్టలకీ చిలకలకీ గోరింకలకీ ఇల్లు పోయినట్టే. బతికున్న తాటి చెట్టునీ గమనించండి, ఆకుల అడుగున అంటించినట్టు పామ్ స్విఫ్ట్‌ల గూళ్ళుంటాయి.

దసరా మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా: పంజరంలో పెట్టి డబ్బులకి చూపించే పాలపిట్టకి డబ్బులివ్వకండి. ఎగరకుండా రెక్కలు కట్టేస్తారు, చాలావరకు తర్వాత చచ్చిపోతాయి. అది మన రాష్ట్ర పక్షి, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం పట్టడం నేరం. రామచిలకల్ని పెంచుకోవడం కూడా ఇదే చట్టం కింద నేరమే.

పిట్ట పిల్ల కింద పడింది. ఏం చెయ్యాలి?

ముందు ఈకలు చూడండి. ఒంటి నిండా ఈకలు వచ్చి, గెంతుతూ ఉంటే అది పడిపోలేదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉంటాయి. పిల్లి, కుక్క అందకుండా దగ్గర్లోని పొదలోనో కొమ్మ మీదో పెట్టి దూరంగా వెళ్ళిపోండి. ఈకలు లేకుండా ఎర్రగా ఉంటే గూడు వెతికి అందులో పెట్టండి, గూడు అందకపోతే చిన్న బుట్టలో గడ్డి వేసి అదే చెట్టుకి కట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్ళీ దగ్గరికి రాదు అంటారు, అది నిజం కాదు, వస్తుంది. పాలు పట్టొద్దు. నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతాయి.

నీళ్ళు పెట్టొచ్చా? గింజలు?

నీళ్ళు తప్పకుండా పెట్టండి. వెడల్పాటి మట్టి మూకుడు, రెండంగుళాల లోతు చాలు, మధ్యలో ఒక రాయి, నీడలో, పిల్లి దూకే గోడకి దూరంగా. రోజూ కడిగి మార్చాలి, లేకపోతే దోమలు, రోగాలు. ప్లాస్టిక్ డబ్బా ఎండకి కాగిపోతుంది, వద్దు.

గింజల విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. ఊళ్ళో బియ్యం, జొన్నలు చల్లితే వచ్చేవి పావురాలే, అవి ఇప్పటికే అవసరానికి మించి ఉన్నాయి. ఆ డబ్బుతో ఒక మేడి మొక్కో, వేప మొక్కో పెట్టండి. మే, జూన్‌లో వేపపళ్ళు పండితే కోకిలలు, పిగిలిపిట్టలు (బుల్‌బుల్‌లు), గోరింకలు వాటంతట అవే వస్తాయి. రావి, మర్రి పండితే పచ్చ పావురాలు కూడా.

మొబైల్‌లో కూత ప్లే చేస్తే పిట్ట దగ్గరికి వస్తుందట కదా?

వస్తుంది, తన చోటులోకి ఇంకో మగది చొరబడిందనుకుని కొట్లాటకి వస్తుంది. పిల్లలకి మేత తేవాల్సిన టైము అంతా దానికే పోతుంది. ఈ నాలుగు నెలలు ప్లే చెయ్యనే వద్దు. గూటి ఫోటోలు కూడా వద్దు, కొమ్మలు పక్కకి లాగి తీసేవాళ్ళని చూస్తే నాకు కోపం ఆగదు. మీరు వెళ్ళాక ఆ సందులోంచి కాకి చూస్తుంది. గూడున్న చోటు గ్రూపుల్లో లొకేషన్‌తో సహా పెట్టకండి.

ఏమేం కొనాలి? ఎన్నింటికి వెళ్ళాలి?

8×42 బైనాక్యులర్ ఒకటి చాలు, కెమెరా తర్వాత సంగతి. తెల్లవారేసరికి అక్కడుండాలి, మేలో ఆరు లోపే వెలుగొచ్చేస్తుంది, ఎనిమిదిన్నరకి పిట్టలూ నీడ వెతుక్కుంటాయి, మీరూ వెతుక్కోండి. టోపీ, రెండు లీటర్ల నీళ్ళు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. చిన్నపిల్లల్ని తీసుకెళ్తే గంటన్నర చాలు.

చూసినవి ఎక్కడ రాయాలి? మామూలు పిట్టలు రాస్తే ఎవరికి ఉపయోగం?

ఈబర్డ్ యాప్‌లో రాయండి, ఉచితం. కూత గుర్తుపట్టడానికి మెర్లిన్ యాప్ సాయపడుతుంది, కానీ అది చెప్పిందల్లా రాసేయకండి, కళ్ళతో చూశాకే రాయాలి. మేలో గ్లోబల్ బిగ్ డే రోజున దేశమంతా లిస్టులు పెడతారు, బర్డ్ కౌంట్ ఇండియా వాళ్ళు వివరాలు ముందే చెప్తారు. తోడు కావాలంటే హైదరాబాదులో దక్కన్ బర్డర్స్ ఎప్పటి నుంచో నడకలు పెడుతున్నారు.

మామూలు పిట్టల లెక్కే ఎక్కువ ఉపయోగం. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ నిజాం సంస్థానమంతా తిరిగి ఏ పిట్ట ఎక్కడ, ఏ నెలలో కనిపించిందో రాసిపెట్టారు. ఆ రోజుల్లో మామూలు అనుకున్నవి ఇవాళ ఎక్కడ లేవో మనకి తెలుస్తోందంటే ఆ రాత వల్లే. మీ కాలనీలో మొదటి కోకిల కూత ఏ తేదీన విన్నారు, పిచ్చుక ఎన్ని కనిపించాయి, తీతువు గుడ్లు ఏ వారం చూశారు అన్నవి రాయండి. పిట్ట ఒక్కటీ కనిపించని రోజు కూడా రాయండి.

మాది ఆంధ్ర వైపు. ఇదంతా మాకూ వర్తిస్తుందా?

తీతువు, కోకిల, పాలపిట్ట, కంసాలి పిట్ట సంగతులు అన్నిచోట్లా ఒకటే. కొంగల కాలెండర్ మాత్రం ఊరిని బట్టి మారుతుంది. నెల్లూరు వైపు నేలపట్టులో గూడబాతులు అక్టోబరు నుంచి గూళ్ళు పెట్టి ఏప్రిల్‌కి సర్దుకుంటాయి, మేలో వెళ్తే చూసేదేం ఉండదు. హిందూపురం దగ్గరి వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీదే గూళ్ళు పెడతాయి, మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే పిల్లలతో సహా కనిపిస్తాయి. ఊరివాళ్ళు వాటిని సొంత ఆడపడుచుల్లా చూసుకుంటారు, ఆ చెట్ల కింద గట్టిగా మాట్లాడొద్దు, టపాసులు, డ్రోన్లు అసలే వద్దు. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు వచ్చేది జూన్‌లో, వానలతో. అక్కడికి వెళ్ళాలనుకునేవాళ్ళు మే సెలవుల్లో కాకుండా బడులు తెరిచాక ఏదో ఒక ఆదివారం పెట్టుకోండి.